పీప్స్ దినచర్యలో సూక్ష్మదర్శిని

1664 ఆగస్టు 13వ తేదీన లండనులో నౌకాదళ కార్యాలయపు ఉద్యోగి శామ్యూల్ పీప్స్ అయిదున్నర పౌన్లు పోసి ఒక సూక్ష్మదర్శినిని కొన్నాడు. వింత వస్తువే గాని ధర హెచ్చని దినచర్యలో వ్రాసుకొన్నాడు. మరునాడు భోజనమైన తరువాత భార్యాభర్తలిద్దరూ దాని ముందు కూర్చొని, అందులో ఏదైనా కనబడేటట్లు చేయడానికి చాలా అవస్థ పడ్డారు. చివరకు కనబడింది, సంతోషించారు, అయితే ఆశించినంత కాదట.

యీ అవస్థను గురించిన మాటలే ఆ దినచర్యలో మిక్కిలి విలువైనవి. 1665లో వెలువడిన రాబర్ట్ హుక్ గ్రంథం ‘మైక్రోగ్రాఫియా’లో పేను బొమ్మను మడతలు విప్పి చూడవలసి వుంటుంది. అది చూచినవారికి గొట్టానికి కన్ను ఆనిస్తే చాలుననిపించడం సహజం. కాని ఆనాటి కటకాలలో బొమ్మ అంచుల వెంట రంగులు కమ్మేవి; వెలుతురు చాలేది కాదు. దీపకాంతిని నీటితో నింపిన గాజుగోళం గుండా వస్తువుపైకి మళ్ళించే ఏర్పాటును హుక్ చేసుకొన్నాడు. ఒకే ఈగ కన్ను ఒక వెలుతురులో గుంటలుగా, మరొక వెలుతురులో బొడిపెలుగా కనబడుతుందని అతడే పీఠికలో హెచ్చరించాడు. పీప్స్ కొన్నది గొట్టాన్ని మాత్రమే. యీ నేర్పును కాదు. 1665 జనవరిలో హుక్ పుస్తకం చేతికి రాగానే రాత్రి రెండు గంటల దాకా చదివాడు.

పీప్స్ సంక్షిప్తలిపిలో వ్రాసుకొన్న యీ దినచర్య 1825లో గాని అచ్చుకాలేదు. పరువు నిలుపుకోవలసిన పని లేదు గనుకనే 1684లో రాయల్ సొసైటీ అధ్యక్షుడు కానున్న యీ దర్జీ కుమారుడు తన చేతగానితనాన్ని దాచలేదు. లోపమూ లేకపోలేదు. ధర చెప్పాడు, శ్రమ చెప్పాడు; ఆనాడు చూచినదేమిటో చెప్పలేదు. పక్కనే కూర్చున్న ఎలిజబెత్ ఏమి చూచిందో అసలే లేదు. విజ్ఞాన చరిత్రకారునికి కావలసింది అదే.

1665 మే 13న గడియారం సంగతీ ఇంతే. బహుమానంగా వచ్చిన జేబు గడియారాన్ని ఆ మధ్యాహ్నమంతా బండిలో చేత పట్టుకొని వందసార్లు వేళ చూచుకొన్నాడు. ఇది లేకుండా ఇన్నాళ్ళు ఎట్లా గడిచిందా అనుకొన్నాడు. అంతకు పూర్వమే ఒక గడియారముండేదని, దానితో వేగలేక జన్మలో మళ్ళీ దగ్గర పెట్టుకోనని నిశ్చయించుకొన్నానని వెంటనే గుర్తు చేసుకొన్నాడు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు; ఇక్కడ రోతే మళ్ళీ వింత అయింది. గడియారపు చక్రానికి నడక కుదిర్చే సన్నని చుట్టుకమాను 1675లో గాని రాలేదు. అంతవరకు జేబు గడియారాలు రోజుకు అనేక నిమిషాలు తప్పేవి. ఆ వందసార్లలో ఎన్నిసార్లు సరియైన వేళ చూపిందో పీప్స్ వ్రాయలేదు.