మెట్టు బిగించే చేయి
ఉయ్యూరు కేసీపీ పంచదార మిల్లుకు చెరకు తోలే ట్రాక్టర్ ట్రక్కులకు మెట్టు బిగించే వెల్డర్ పనితనం నాకెంతో ఇష్టం. ముందు రెండు చుక్కలు అతికించి, "ఓసారి ఎక్కి చూడు బాబాయ్" అంటాడు. మోకాలు ఎంత లేస్తోందో చూసి మెట్టును కిందికి దించుతాడు. ఆ తర్వాతే పూర్తి వెల్డింగు. పక్క రేకు జోలికి పోడు, బరువు ఛాసిస్ మీదే పడాలి. పలక బదులు ఎడంగా కడ్డీలు వేస్తాడు, బురద రాలిపోవడానికి.

సొంతంగా చిన్న విమానాలు కట్టుకునేవాళ్ల లెక్కా ఇదే: మెట్టు మీద పడే బరువు పల్చటి అల్యూమినియం రేకు మీద కాదు, లోపలి చట్రం మీద పడాలి. రెక్క కిందివైపున ఉండే తోకచక్రం విమానమైతే నేలమీద తోక వాల్చి నిలబడుతుంది కనుక, మెట్టు లేకున్నా రెక్క వెనక అంచు కాలికి కాస్త అందుబాటులోనే ఉంటుంది. ట్రక్కుకు ఆ వీలు లేదు. రాత్రిపూట తాళ్లు విప్పడానికి ఎక్కే మనిషికి కాలి కింద ఏముందో కనబడదు. అందుకే మన వెల్డర్ కడ్డీల కొసలు పైకి వంచుతాడు, పాదం పక్కకు జారకుండా.