రక్షణ వలయంలో చరిత్ర

యాట సత్యనారాయణ దర్శకత్వం వహించిన 'రజాకార్' చిత్రానికి 2024 మార్చి 15న విడుదల కాకమునుపే వివాదమే ప్రచారమయింది. బెదిరింపులు వస్తున్నాయన్న నిర్మాతకు కేంద్ర బలగాల రక్షణ లభించింది. చిత్రాన్ని ఆపాలన్నవారూ ఉన్నారు. తెరపై సాక్ష్యం సంపూర్ణమేనా అని అమీర్‌పేట, పంజాగుట్టల ప్రేక్షకుడు అడగవలసిన ప్రశ్న ఈ హడావుడిలో మరుగునపడింది.

1948 ఆగస్టులో రజాకార్ల చేతిలో హతుడైన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ముస్లిమే. ఆ సెప్టెంబరు పోలీసు చర్య వెంట జరిగిన హింసలో 27 వేల నుండి 40 వేల మంది మరణించారని సుందర్‌లాల్ కమిటీ అంచనా. మొదటిదాన్ని మరచి నిషేధం కోరడమూ, రెండవదాన్ని వదలి చరిత్ర చెప్పడమూ అర్ధసాక్ష్యాలే. స్వజనులకు ప్రతికూలమైనా న్యాయంగా సాక్ష్యమివ్వాలన్నది దివ్య ఖుర్ఆన్ ఆదేశం. దర్శకునికీ, ఆక్షేపకునికీ కొలబద్ద అదే.