ఆ పిల్లకి తర్వాత ఏమైంది?

'చైనాటౌన్' సినిమాని నేను మొదటిసారి చూసింది ఈ దేశం వచ్చిన కొత్తలో, యూనివర్సిటీ లైబ్రరీలో, వీడియో టేపు మీద. అప్పటినుంచి ఎవరు అడిగినా, అడక్కపోయినా, తప్పక చూడవలసిన సినిమాల్లో దాని పేరు చెబుతూ వచ్చాను. అదే ఉత్సాహంతో, మా అమ్మాయి కాలేజీకి వెళ్ళబోయే ముందు వేసవిలో పక్కన కూర్చోబెట్టుకుని చూపించాను. సినిమా అయిపోయాక నేను ఎదురుచూసిన మెచ్చుకోలు రాలేదు. "నాన్నా, ఆ పిల్లకి తర్వాత ఏమైంది?" అని మాత్రం అడిగింది. అన్నిసార్లు చూసిన నాకు ఆ ప్రశ్న ఒక్కసారీ తట్టలేదు.

1974లో వచ్చిన ఈ సినిమాకి దర్శకుడు రోమన్ పొలాన్‌స్కీ. లాస్ ఏంజెలిస్ నీళ్ళనీ, భూముల్నీ మింగేసే నోవా క్రాస్ అనే పెద్దమనిషి కథ ఇది. కంచే చేను మేసినట్టు అతను కన్న కూతుర్నే చెరిచాడు. ఆ కూతురికి పుట్టిన పిల్ల కాథరిన్. రచయిత రాబర్ట్ టౌన్ కొంత ఊరటనిచ్చే ముగింపు రాస్తే, పొలాన్‌స్కీ పట్టుబట్టి మార్పించాడు. తల్లి పోలీసు తూటాకి చచ్చిపోతుంది. క్రాస్ ఆ పిల్ల కళ్ళ మీద చెయ్యి కప్పి తనతో తీసుకుపోతాడు. డిటెక్టివ్‌ని స్నేహితులు మర్చిపొమ్మని చెప్పి లాక్కుపోతారు.

బలవంతుడు తప్పించుకుంటాడన్న చేదు నిజాన్ని ధైర్యంగా చెప్పిన ముగింపు అని విమర్శకులు మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. కానీ మా అమ్మాయి ప్రశ్న తర్వాత చూస్తే, కెమెరా కూడా డిటెక్టివ్ దుఃఖం వెంటే వెళ్ళిందనిపించింది. పిల్ల కేక వినిపిస్తుంది గానీ, ఆ పిల్ల మనకి మనిషిగా మిగలదు.

మూడేళ్ళకి, 1977 మార్చిలో, అదే ఊళ్ళో, ఆ సినిమా హీరో జాక్ నికల్సన్ ఇంట్లో (నికల్సన్ అప్పుడు ఊళ్ళో లేడు) 13 ఏళ్ళ అమ్మాయిని ఫోటోలు తీస్తానని తీసుకెళ్ళాడు పొలాన్‌స్కీ. షాంపేన్, మత్తుమాత్ర ఇచ్చాడనీ, వద్దని ఎన్నిసార్లు చెప్పినా వినలేదనీ ఆ అమ్మాయి గ్రాండ్ జ్యూరీ ముందు చెప్పింది. ఆరు అభియోగాలు మోపారు. పిల్లని బోనెక్కించి, పత్రికలకి ఎర వెయ్యడం ఇష్టంలేక ఆమె కుటుంబం రాజీకి ఒప్పుకుంది. మైనరుతో చట్టవిరుద్ధమైన సంభోగం అన్న ఒక్క నేరాన్ని అతను ఒప్పుకున్నాడు. మానసిక పరీక్షల కోసం చీనో జైల్లో 42 రోజులు ఉన్నాడు. న్యాయమూర్తి రిటన్‌బాండ్ మాట మార్చి మళ్ళీ జైలుకి పంపబోతున్నాడని తెలిసి, 1978 ఫిబ్రవరి 1న విమానమెక్కి ఐరోపా వెళ్ళిపోయాడు. ఫ్రాన్సు తన పౌరుల్ని అప్పగించదు. 2009లో జ్యూరిక్‌లో అరెస్టయ్యాడు గానీ, స్విస్ ప్రభుత్వం 2010లో వదిలేసింది. పోలండు కోర్టులూ అప్పగించలేదు.

అతని పక్షాన చెప్పదగ్గవి లేకపోలేదు. తల్లి ఆష్విట్జ్‌లో చనిపోయింది. నిండు గర్భిణి అయిన భార్య షారన్ టేట్‌ని 1969లో మాన్సన్ ముఠా హత్య చేసింది. న్యాయమూర్తి మాట తప్పాడని అప్పటి ప్రాసిక్యూటరే 2010లో వాంగ్మూలం ఇచ్చాడు. అది 2022లో బయటికొచ్చింది. ఇవన్నీ నిజాలే. అయితే న్యాయమూర్తి తప్పు ఆ ఇంట్లో జరిగినదాన్ని చెరపలేదు. అతని కష్టాలకి ఆ పదమూడేళ్ళ పిల్ల బాధ్యురాలూ కాదు.

2003లో 'ది పియానిస్ట్'కి ఉత్తమ దర్శకుడి ఆస్కార్ ప్రకటించినప్పుడు, రాలేని మనిషి కోసం హాలులో ఎందరో లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. 2009లో విడిచిపెట్టమని స్కార్సేసీ, ఉడీ ఆలెన్ లాంటివాళ్ళు సంతకాలు చేశారు. అదే అకాడమీ 2018లో అతన్ని బయటికి పంపింది. మరికొందరు స్త్రీలూ ఆరోపణలు చేశారు, అతను కాదన్నాడు. 2020లో ఫ్రాన్సులో సెజార్ అవార్డు ఇచ్చినప్పుడు నటి అడెల్ ఎనెల్ లేచి వెళ్ళిపోయింది. హాలీవుడ్డుని చూసి మనం నవ్వక్కర్లేదు. మన మహాసభల్లో సినిమావాళ్ళకి శాలువాలు కప్పేటప్పుడు మనం ఏ ప్రశ్నలు వేసుకుంటున్నాం?

ఇంతకీ ఆ పిల్లకి ఏమైంది? పెద్దదైంది, పెళ్ళి చేసుకుంది, పిల్లల్ని కంది. 2013లో తన కథ తనే పుస్తకంగా రాసింది. జరిగినదానికంటే తర్వాత కోర్టులూ పత్రికలూ చేసిన హాని ఎక్కువని ఆవిడ పదేపదే చెప్పింది. 2017లో లాస్ ఏంజెలిస్ కోర్టుకి స్వయంగా వచ్చి, ఇక ఈ కేసు ముగించమని వేడుకుంది. కోర్టు ఒప్పుకోలేదు.

మన దేశంలో క్రిమినల్ కేసు ప్రభుత్వం పేరు మీద నడుస్తుంది. కాలిఫోర్నియాలో ప్రజల పేరు మీద. పౌరసత్వం తీసుకున్న రోజున మేమూ ఆ 'ప్రజల్లో' చేరాం. కాబట్టి ఆవిడ క్షమించినా మన పద్దు మిగిలే ఉంది, పారిపోయినవాడు తిరిగొచ్చి తీర్పు వినాలి అని నేను వాదించేవాణ్ణి. ఇప్పటికీ ఆ వాదన తప్పనుకోను. కానీ ప్రజల పేరు చెప్పి ఒక మనిషిని నాలుగు దశాబ్దాలు తన పదమూడో ఏడు దగ్గరే కట్టేసి ఉంచడం న్యాయమేనా? ఆవిడకి అతన్ని క్షమించే హక్కు ఉంది, మనకి లేదు. అలాగని, ఆవిడ క్షమాపణని చూపించి చప్పట్లు కొట్టే హక్కూ మనకి లేదు.

'చైనాటౌన్'ని అటకెక్కించమని నేను చెప్పను. అది గొప్ప సినిమానే. తప్పించుకునేవాడి గురించి అంత బాగా తెలిసిన దర్శకుడు తనే ఆ పని చెయ్యడం చూశాక, కళ వల్ల మనిషి బాగుపడతాడన్న నా పాత నమ్మకం మాత్రం పోయింది. మొన్న సెలవులకి ఇంటికొచ్చినప్పుడు మా అమ్మాయి మళ్ళీ వెయ్యమంది. ఈసారి చివర్లో నేను డిటెక్టివ్‌ని చూడలేదు. క్రాస్ చేతి కింద ఉన్న ఆ మొహాన్ని వెతికాను.