గోటి మొదలు చదివే విద్య

చర్మంలో చాలాచోట్ల కేశనాళికలు నిటారుగా నిలబడి ఉంటాయి. పైనుంచి చూస్తే వాటి కొనలే కనబడతాయి. గోరు మొదలు దగ్గర, చర్మం మడతపడే చోట మాత్రం అవి ఒరిగి పడుకుంటాయి. హెయిర్‌పిన్నులు వరసగా పేర్చినట్టు పూర్తి రూపంతో కనిపిస్తాయి. స్క్లెరోడెర్మా, డెర్మటోమయోసైటిస్ వంటి సంయోజక కణజాల వ్యాధులను తొలిదశలోనే పసిగట్టే విద్యకు ఆధారం ఇదే.

చెయ్యి తిరిగిన డాక్టరు రోగిని ముందు పావుగంటసేపు గదిలో కూర్చోబెడతాడు. చలికి ముడుచుకున్న నాళాలను చూసి పొరబడకూడదు. గోళ్లరంగు తీయించి, మడత మీద నూనె చుక్క వేస్తాడు. దాంతో చర్మం మీది తళుకు తగ్గి లోపల ఉన్నది తేటపడుతుంది. డెర్మటోస్కోపు చాలు, అది లేకపోతే ఎక్కువ పవరు లెన్సు పెట్టిన ఆఫ్తాల్మోస్కోపైనా సరే. బొటనవేళ్లు వదిలి ఎనిమిది వేళ్లూ చూస్తాడు. ఉంగరపు వేలు, చిటికెన వేలు దగ్గర చూపు బాగా ఆనుతుంది.

చూడవలసింది మొత్తం వరసను. ఒకటి రెండు వంకర్లు ఆరోగ్యవంతులకూ ఉంటాయి. నాళికలు మిల్లీమీటరుకు ఏడు కంటే తగ్గాయా, కొన దగ్గర 50 మైక్రాన్లు దాటి ఉబ్బాయా, రక్తం చిమ్మిన మచ్చలున్నాయా అన్నదే లెక్క. 1973లో మారిక్, లీరాయ్ ఈ వ్యాధుల్లో నాళికల తీరులను వర్ణించారు. 2000లో ఇటలీకి చెందిన కుటోలో బృందం స్క్లెరోడెర్మా మార్పులను మూడు దశలుగా విడదీసింది. అసలు చిక్కు మూడో దశలో ఉంది. అప్పటికి ఉబ్బిన నాళికలు, నెత్తుటి మచ్చలు దాదాపు మాయమవుతాయి. కొత్తవాడు రోగం తగ్గిందనుకుంటాడు. నిజానికి నాళికలే నశించి, ఆ చోటు బోసిపోయింది. లేనిదాన్ని కూడా చదవగలగడమే ఈ విద్యలో పైమెట్టు.

చేతిపని చేసేవాళ్ల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌పూర్ పక్కనున్న ఆరంగ్ వరి పండే ప్రాంతం. అలాంటి చోట నాట్లు, కోతలు చేసే చేతుల్లో గోటి కింద నెత్తుటి గీతలు, చిరిగిన గోటిపొర దెబ్బల వల్లా వస్తాయి. చాలా వేళ్లకు పొర మందమై గరుకుగా పెరిగి, నొక్కితే నొప్పి పుడితే డెర్మటోమయోసైటిస్‌ను అనుమానించాలి. వేలికొన చర్మం గోటి అడుగుకు అతుక్కుని, గోళ్లు తీసుకుంటుంటే బాధిస్తే స్క్లెరోడెర్మా ఆలోచన రావాలి. చలికి వేళ్లు తెల్లబడి నీలిరంగుకు తిరుగుతున్నాయా అన్న ప్రశ్న వెంటనే అడగాలి.

ఆ ప్రశ్న విలువ 2008లో వెలువడిన కెనడా అధ్యయనంలో తేలింది. అలా వేళ్ల రంగు మారే 586 మందిని ఏళ్ల తరబడి గమనించారు. నాళికల తేడాతో పాటు ప్రత్యేక యాంటీబాడీలూ ఉన్నవారిలో దాదాపు 80 శాతం మందికి స్క్లెరోడెర్మా వచ్చింది. రెండూ లేనివారిలో రెండు శాతం లోపే. 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణాల్లో స్క్లెరోడెర్మాగా లెక్కించడానికి అవసరమైన తొమ్మిది పాయింట్లలో రెండు ఈ నాళికలవే. చిన్న ఊరి డాక్టరు నూనె చుక్కతో, లెన్సుతో చేయగలిగేది రోగనిర్ణయం కాదు. రక్తపరీక్షల కోసం ఎవరిని ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పంపాలో తేల్చడం. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతినక ముందే ఆ పని జరిగితే అంతకు మించిన పనితనం ఏముంది!