ముక్కుతాడు లేని ఎద్దు

గురువుగారికి ఆకలేసింది. భిక్ష తేవడానికి బయల్దేరుతూ కోతి శిష్యుడు సన్ వుకాంగ్ తన ఇనుప కర్రతో నేలమీద గుండ్రంగా గీత గీసి, ఇది దాటొద్దని మరీమరీ చెప్పి వెళ్లాడు. ఇంతవరకూ వింటే తరువాయి కథ తెలుగువాళ్లం మనమే చెప్పేస్తాం. కానీ ఇక్కడ మాయలేడీ లేదు, సన్యాసి వేషమూ లేదు. పంది మొహం శిష్యుడికి చలేసింది, కూర్చుని కూర్చుని విసుగేసింది. ఈ గీత ఏ పులిని ఆపుతుందని సణిగి, గురువుని వెంటబెట్టుకుని బయటికొచ్చేశాడు. రాక్షసుడి వాకిట్లో పడ్డారు.

‘పడమటి యాత్ర’ 50వ అధ్యాయం ఇది. 1592లో నాన్‌జింగ్‌లో అచ్చయిన ఈ వంద అధ్యాయాల నవలని వూ చెంగ్‌ఎన్ రాశాడంటారు గానీ ఆ ప్రతిమీద రచయిత పేరు లేదు. గురువు మాత్రం చరిత్రలో ఉన్నవాడే. మన ధాన్యకటకం దాకా వచ్చి, 645లో 657 గ్రంథాలతో చైనాకి తిరిగెళ్లిన హ్యూయన్‌త్సాంగ్. నవలలోని గురువుని చూస్తే అంత దూరం నడిచిన మనిషి ఈయనేనా అనిపిస్తుంది. గుర్రం పోయిందని కూడా ఏడుస్తాడు.

రాక్షసుడి దగ్గర ఒక కడియం ఉంది. పైకి విసిరితే ఎదుటివాడి ఆయుధం అందులోకి మాయమైపోతుంది. వుకాంగ్ కర్ర పోయింది. ఇలాంటి శక్తి ఉన్నవాడు మామూలు రాక్షసుడు కాడని, పైలోకం నుంచి ఎవరో పారిపోయి వచ్చి ఉంటారని అనుమానించి, వుకాంగ్ నేరుగా స్వర్గాధిపతికే అర్జీ పెట్టాడు. నక్షత్రాలన్నిటికీ హాజరు వేశారు. అందరూ ఉన్నారు. సైన్యమొచ్చింది, అగ్నిదేవుడొచ్చాడు, వాళ్ల ఆయుధాలూ కడియం పాలే. చివరికి బుద్ధుడి దగ్గరికెళితే ఆయనకి సంగతి తెలుసు. చెప్పడు. చెబితే ఈ కోతి నోరు ఆగదు, అవతలివాడు వచ్చి తన కొండమీద గొడవ పెట్టుకుంటాడని భయం. పద్దెనిమిది మంది అర్హతుల్ని పంపాడు. వాళ్లూ ఓడిపోయాక గానీ అసలు మాట చెవిలో వెయ్యలేదు: లావోజీ ఇంటికెళ్లి అడుగు.

తావో గురువైన ఆ లావోజీ ఇంటికి వెళ్లి చూస్తే పశువుల కాపరి కుర్రాడు ఏడు రోజులుగా నిద్రపోతున్నాడు. కొట్టంలో ఎద్దు లేదు. దేవతలకి హాజరు వేశారు గానీ, గొడ్లని లెక్కపెట్టాలని ఎవరికి తోస్తుంది?

నాలుగు వందల ఏళ్లుగా ఈ పుస్తకం పాతబడకపోవడానికి కారణం మాయలూ మంత్రాలూ మాత్రమే అనుకోను. డెబ్బై రెండు రూపాలు, ఒక్క పల్టీకి లక్షా ఎనిమిది వేల ‘లీ’ల దూరం పిల్లల్ని కట్టిపడేస్తాయి, నిజమే. పెద్దవాళ్లని పట్టుకునేది ఆ స్వర్గం నడిచే తీరు. అది అచ్చం కచేరీ. పై అధికారి పేరు ఇంకో పై అధికారి ఎత్తడు. తెల్ల ఎముకల రాక్షసికి ఎవరి అండా లేదు, మూడో దెబ్బకి చచ్చింది. బోధిసత్వుడు మంజుశ్రీ వాహనమైన సింహం, కరుణాదేవత గ్వాన్‌యిన్ కొలనులోని బంగారు చేప మనుషుల్ని తిన్నా సరే, చివరి నిమిషంలో యజమాని వచ్చి ఇంటికి తోలుకుపోతాడు. పలుకుబడి ఉన్న రాక్షసుడు చావడన్న పరిహాసం చైనా పాఠకుల్లో ఉంది.

పని తెలిసిన కథకుడి చెయ్యి ఇంకోచోట కనిపిస్తుంది. ఆ కడియం కొత్తది కాదు. వుకాంగ్ స్వర్గాన్ని అల్లకల్లోలం చేసినప్పుడు, 6వ అధ్యాయంలో, లావోజీ పైనుంచి అతని నెత్తిమీదికి జారవిడిచింది అదే. నలభై నాలుగు అధ్యాయాలు దాచిపెట్టి మళ్లీ తీశాడు. చివరికి లావోజీ దాన్నే ఎద్దు ముక్కుకి తగిలించి, ఎక్కి ఇంటికి తోలుకుపోయాడు. సంత కథకుల నోట పుట్టిన కథ గనుక, ఉత్కంఠగా ఉన్నచోట ఆపి ‘రేపు రండి’ అనే అలవాటు ప్రతి అధ్యాయం చివరా మిగిలింది. వచనం మధ్య పద్యాలు వస్తుంటాయి. చంపువు తెలిసిన మనకి అది వింత కాదు.

వుకాంగ్‌కి మన హనుమంతుడే మూలమని 1920ల్లో పండితుడు హూ షి అన్నాడు, రచయిత లూ షున్ కాదని చైనా నీటి భూతాన్ని చూపించాడు. తగువు తెగలేదు. నాకూ పెద్ద పట్టింపు లేదు. హనుమంతుడికి సముద్రం దాటించే భక్తి ఉంది, ఈ కోతికి ఉన్నది ముందు పొగరు.

అన్ని కష్టాలూ పడి బుద్ధుడి కొండ చేరాక ఆయన శిష్యులు ఆనందుడు, కాశ్యపుడు గ్రంథాలిచ్చే ముందు, మాకేం తెచ్చారని అడుగుతారు. చెయ్యి తడపకపోతే తెల్లకాగితాల కట్టలు ఇచ్చి పంపుతారు. ఫిర్యాదు చేస్తే బుద్ధుడు నవ్వి, గ్రంథాలు ఊరికే ఇవ్వకూడదంటాడు. గురువు చక్రవర్తి ఇచ్చిన భిక్షాపాత్ర తీసి ఇచ్చాడు. చుట్టూ ఉన్న వంటవాళ్లూ కావలివాళ్లూ నవ్వి ఆనందుడి బుగ్గలు రుద్దారు. సిగ్గుతో ఆయన మొహం ముడుచుకుపోయింది. పాత్ర మాత్రం వదల్లేదు.