బుగ్గ లేని కారు

పోయిన శనివారం పొద్దున్నే మా గరాజ్‌లో ఒక కొత్త కారు ముందు బంపర్ విప్పి, నేల మీద పరిచిన పాత దుప్పటి మీద పెట్టాం. కారు నాది కాదు. న్యూజెర్సీలో మా ఊరి వలంటీర్ ఫైర్ కంపెనీలో ఈమధ్యే చేరిన నరసరావుపేట కుర్రవాడిది. ఫైర్‌ఫైటర్ వన్ కోర్సు పూర్తి చేశాడు. చీఫ్ సంతకం పెట్టాడు. మోటారు వాహనాల శాఖ నుంచి గుర్తింపు కార్డూ వచ్చింది. ఇక కారుకి నీలం లైట్లు పెట్టుకోవచ్చు.

"అన్నా, పైకి మాత్రం కనబడకూడదు. ఇదే కారులో గుడికి వెళ్లాలి, పాపని బడిలో దింపాలి. పోలీసు బండిలా ఉంటే బాగోదు" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది. కొత్తగా చేరినవాళ్లు ఎక్కువమంది దీనికి విరుద్ధంగా అడుగుతారు.

మా ఊరి లాంటి ఊళ్లలో మంటలార్పేది జీతం లేని మనుషులే. అమెరికా మొత్తం మీద చూసినా అగ్నిమాపక సిబ్బందిలో మూడింట రెండు వంతుల దాకా వలంటీర్లే. 1736లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియాలో మొదలుపెట్టిన యూనియన్ ఫైర్ కంపెనీలో ఎవరి తోలు బకెట్లు వాళ్లే ఇంట్లో సిద్ధంగా పెట్టుకునేవారు. నిప్పంటుకుందని కేక వినబడితే అవి పట్టుకుని పరిగెత్తటమే. ఇప్పుడు కేక బదులు పేజర్ మోగుతుంది. స్టేషన్‌లో ఫైరింజన్ కడిగి, నీళ్లు నింపి సిద్ధంగా ఉంటుంది గానీ, దాన్ని నడిపేవాళ్లు ఇళ్లలో నిద్రపోతుంటారు. ఇంటికీ స్టేషన్‌కీ మధ్య ఉన్న రెండు మూడు మైళ్లూ సొంత కారులోనే వెళ్లాలి. ఈ లైట్లు ఆ రెండు మూడు మైళ్ల కోసం.

తొమ్మిదేళ్ల కిందట నా మొదటి కారుకి లైటు ఒక దుకాణంలో పెట్టించుకున్నాను. ముందు అద్దం వెనక చిన్న బార్. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. రెండో చలికాలంలో, మంచు కురుస్తున్న ఒక రాత్రి పేజర్ మోగింది. స్విచ్ వేస్తే వెలగలేదు. మర్నాడు మా కంపెనీలోనే ఉన్న ఒక రిటైర్డ్ ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన లైటు వంక చూడనే లేదు. "వైరు ఎక్కడిది ఎక్కడికి పోయిందో చూపించు" అన్నాడు.

చూపించడానికి ముఖం చెల్లలేదు. కొత్త వైరుని పాత వైరుకి అతికే బదులు కరిచిపట్టే ప్లాస్టిక్ క్లిప్పు తగిలించి వదిలేశారు. మంచు కరగటానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఆ క్లిప్పులోకి చేరింది. రాగి పచ్చగా మారి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. అది చిన్న తప్పు. పెద్ద తప్పు ఇంకోటుంది. అద్దం పక్కన ఉండే స్తంభంలో తలను కాపాడే ఎయిర్‌బ్యాగ్ ముడిచి ఉంటుంది. వైరుని సరిగ్గా దాని మీదుగా లాగారు. గుద్దుకున్న క్షణంలో ఆ బ్యాగ్ విచ్చుకోవాల్సిన దారికి వైరు అడ్డం. ఇంక ఫ్యూజు అన్నది అసలే లేదు. మంటలార్పటానికి పోయే కారులో మంట పుట్టే ఏర్పాటు పెట్టుకుని రెండేళ్లు తిరిగానన్నమాట. అంతా పీకేసి ఆయనా నేనూ రెండు రోజులు కూర్చుని మళ్లీ కట్టాం. అప్పటి నుంచి మా కంపెనీలో ఎవరి కారుకైనా ఈ పని నేనే చేస్తున్నాను, డబ్బు తీసుకోను.

కుర్రవాడికి ముందుగా చూపించింది ఫ్యూజే. బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరిన వైరుకి జానెడు లోపలే ఫ్యూజు పడాలి. కారంతా ఇనుమే, ఆ ఇనుమంతా మైనస్సే. వైరు తోలు ఎక్కడ ఒరుసుకుపోయినా షార్టే. ఫ్యూజు దూరంగా ఉంటే, దానికీ బ్యాటరీకీ మధ్య ఉన్న వైరుకి కాపలా ఉండదు. తర్వాత ఇంజన్‌కీ మన కాళ్లకీ మధ్య ఉండే రేకు గోడ, ఫైర్‌వాల్. మనవాళ్లు కంప్యూటర్లలో రోజూ వాడే మాట, ఇక్కడ చేత్తో తడిమి చూడొచ్చు. దానికి కంపెనీవాళ్లు వదిలిన రబ్బరు బిరడాలుంటాయి. వాటిలోంచే వైరు రావాలి తప్ప కొత్తగా బెజ్జం చేసి, ఆ పదును అంచు మీదుగా వైరు లాగకూడదు. ప్రతి అతుకూ క్రింప్ చేసి, పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడగాలి. ఎర్త్ కోసం రంగు గీకి శుభ్రమైన ఇనుము తేల్చి బిగించాలి. కరెంటు ఇగ్నిషన్ మీద ఆధారపడే రిలే ద్వారా రావాలి. మంట దగ్గర కారు ఆపి, లైటు మర్చిపోయి దిగినా, తాళం తీయగానే ఆగిపోవాలి. ఈ పనికి నాలుగు గంటలు పట్టింది. లైట్లు బిగించడానికి అరగంట చాలింది.

లైట్లు రెండే. గ్రిల్ వెనక, చెరో పక్క. ఒక్కోటి అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. ఇంతకుముందు తరం వాళ్లు కప్పు మీద గిరగిరా తిరిగే బుగ్గ పెట్టుకునేవారు. అందులో 55 వాట్ల హాలోజన్ బల్బు వేస్తే దానికే నాలుగైదు ఆంపియర్లు పోయేవి. తర్వాత జెనాన్ గొట్టాలొచ్చాయి. వాటికి డిక్కీలో ఒక పెట్టె, అందులోంచి వందల వోల్టుల కేబుళ్లు. ఎల్ఈడీ వచ్చాక దాచటం అన్నది తేలికైంది. అయినా గ్రిల్ వెనక ఎక్కడ పడితే అక్కడ పెట్టలేం. రేడియేటర్‌కి పోయే గాలికి అడ్డం రాకూడదు. చాలా కొత్త కార్లలో ముందున్న కంపెనీ గుర్తు వెనకే రాడార్ ఉంటుంది. బ్రాకెట్ దాని ముందుకి ఒక్క అంగుళం జరిగినా కారు తనంతట తను బ్రేకు వేయడంలో పొరబడుతుంది. కొలిచాం, మళ్లీ కొలిచాం.

"అన్నా, వెనక టెయిల్‌ల్యాంపుల్లో కూడా దాచేద్దామా?" అన్నాడు.

వద్దన్నాను. నీలం వెలుగు ఎర్ర అద్దంలోంచి బయటికి రాదు. ఎరుపు ప్లాస్టిక్ నీలాన్ని మింగేస్తుంది. లోపల ఎంత మండినా బయట చీకటే. తెల్లటి రివర్స్ లైటు అరలో పెడితే కనబడుతుంది గానీ, దానికి డొప్పకి బెజ్జం చేయాలి, ఆ బెజ్జంలోంచి తేమ చేరి ల్యాంపు పాడవుతుంది. అన్నిటికన్నా ముందు, ఎన్ని పెట్టుకోవచ్చు, ఎక్కడ పెట్టుకోవచ్చు అన్నదానికి మా రాష్ట్ర చట్టంలో హద్దులున్నాయి. స్టేషన్‌కి వెళ్తున్నవాడికి దారి ముందు కావాలి.

చీకట్లో నీలానికి ఒక బలం ఉంది. 1819లో పుర్కింజె అనే శాస్త్రవేత్త గమనించాడు: పట్టపగలు మెరిసిన ఎర్రపువ్వు మసకచీకట్లో నల్లబడిపోతే, నీలం మాత్రం వెలుగు నిలుపుకుంటుంది. చీకటికి అలవాటుపడ్డ కన్ను ఎరుపుకన్నా నీలాన్ని తేలిగ్గా పట్టుకుంటుంది. అదే బలం హద్దు దాటితే ఎదుటి డ్రైవర్ కళ్లు చెదురుతాయి. అందుకే రాత్రిపూట వెలుగు తగ్గేలా పెట్టాను. టపటపా కొట్టుకునే ప్యాటర్న్ కుర్రవాడికి నచ్చింది గానీ, నేను నెమ్మదైనదే ఉంచాను. వస్తున్న కారు ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంతో వస్తోందో తేల్చుకోవటానికి ఎదుటివాడికి ఆ లైటు కాస్త నిలకడగా కనబడాలి.

చట్టం సంగతి మాట్లాడేటప్పుడు పనిముట్లు పక్కన పెట్టాను. మా రాష్ట్రంలో నీలం లైటు వేసుకున్న వలంటీర్‌కి అదనపు హక్కు ఒక్కటీ లేదు. ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగాలి. వేగ పరిమితి దాటకూడదు. అన్ని ట్రాఫిక్ నియమాలూ పాటించాలని చట్టం విడమరిచి చెప్పింది. మిగతా డ్రైవర్లు మాత్రం దారివ్వాలి. కాల్ వచ్చినప్పుడు తప్ప స్విచ్ ముట్టుకోకూడదు. పక్కనే న్యూయార్క్‌లో అగ్నిమాపక వలంటీర్లకి నీలం, అంబులెన్స్ వలంటీర్లకి ఆకుపచ్చ. వర్జీనియాలో నీలం పోలీసులది, మరొకరు వాడితే నేరం. "రాష్ట్రం దాటేటప్పుడు ఫ్యూజు తీసి డాష్‌బోర్డులో పడేయి" అన్నాను.

ఇదంతా చెబుతుంటే నాకు మా తెనాలి గుర్తొస్తుంది. చిన్నప్పుడు ఎర్రబుగ్గ కారు వస్తుంటే రిక్షాలు, సైకిళ్లు కాలవ అంచుదాకా జరిగేవి. లోపలున్నది ఎవరో, ఏ పని మీద పోతున్నారో ఎవరూ అడిగేవాళ్లు కాదు. బుగ్గ ఉందంటే పెద్దమనిషి అని లెక్క. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ బుగ్గలకి హద్దు గీసింది. 2017 మే 1 నుంచి కేంద్ర ప్రభుత్వం మంత్రుల కార్ల మీద కూడా తీసేయించింది. అంబులెన్సు, ఫైరింజన్, పోలీసు లాంటి అత్యవసర వాహనాలకే లైట్లు మిగిలాయి. చాలా మంచి పని జరిగింది.

అయితే పోయినేడు ఊరెళ్లినప్పుడు మా బామ్మర్ది కారు గ్రిల్ వెనక ఎరుపూ నీలమూ ఫ్లాషర్లు కనబడ్డాయి. "టోల్‌గేట్ దగ్గర పనికొస్తాయి బావా" అన్నాడు. నాకు కోపం వచ్చింది, దాచుకోలేదు. ఆ సాయంత్రమే ఇద్దరం కూర్చుని విప్పేశాం. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సులు మొదలైనప్పటి నుంచి ఎన్ని ప్రాణాలు ఆ లైటు వెనక పరిగెత్తాయో మనకు తెలుసు. దారివ్వకపోతే పదివేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని 2019 సవరణలో చట్టం కూడా వచ్చింది. కానీ అద్దంలో లైటు కనబడగానే "వీడు నిజంగా పోతున్నాడా, వేషమా?" అని డ్రైవర్ రెండు క్షణాలు ఆలోచించాడంటే, ఆ రెండు క్షణాలనూ అంబులెన్సులో ఉన్న మనిషి దగ్గర్నుంచి దొంగిలించింది ఇలాంటి ఫ్లాషర్లే. సొంత కారుకి సరదాకి పెట్టుకున్నవాళ్లు ఎవరైనా సరే, తీసేయాలి.

సాయంత్రానికి బంపర్ ఎక్కించాం. గరాజ్ తలుపు మూసి, దీపాలార్పి ఒక్కసారి స్విచ్ వేశాం. గోడలన్నీ నీలమయ్యాయి. ఆపి బయటికి తీశాక ఎంత వంగి చూసినా మామూలు కారే. కుర్రవాడు డిక్కీలో హెల్మెట్, కోటు, బూట్లు సర్దుకుని వెళ్లాడు.

న్యూజెర్సీలో కారు నడిపే తెలుగువాళ్లకి ఒక మాట. మీ అద్దంలో మామూలు కారు ముందు నీలం లైటు కొట్టుకుంటూ కనబడితే, పోలీసు కాదులే అని వదిలేయకండి. కుడివైపుకి జరిగి ఆపండి. లోపలున్నది మీ వీధి చివర ఉండే మనిషి, ఎవరి ఇల్లో కాలుతోందని వెళ్తున్నాడు.