జొన్నరొట్టె పక్కన పప్పు

చాదర్‌ఘాట్ వంతెన దాటి మలక్‌పేట వైపు వెళ్తుంటే, సాయంత్రమయ్యేసరికి రోడ్డు వారన జొన్నరొట్టెలు తట్టే చప్పుడు వినిపిస్తుంది. కాగిన నీళ్ళు పోసి పిండి కలుపుతారు. చేయి చురుక్కుమంటున్నా వేడి మీదే మెదుపుతారు. గోధుమలో ఉండే గ్లూటెన్ జొన్నలో లేదు. వేడినీళ్ళకు పిండి కొంత ఉడికి జిగురు పుడితేనే ముద్ద విరగకుండా అరచేతి కింద పలచబడుతుంది. పెనం మీద వేశాక తడిగుడ్డతో నీళ్ళు అద్దడం పగుళ్ళు రాకుండా. చేయి తిరిగితే గాని వచ్చే పని కాదు. యంత్రం మీద ఒత్తిన జొన్నరొట్టె నాకెందుకో రుచించదు.

ఈ రొట్టెకు పప్పు తోడు కావడం వెనక రుచి ఒక్కటే లేదు. జొన్న మొక్క లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఎలా తయారుచేస్తుంది, గింజలో ఎంత దాస్తుంది అన్నది చూస్తే సంగతి తెలుస్తుంది.

ప్రొటీన్లకు కావలసిన ఇరవై అమైనో ఆమ్లాల్లో తొమ్మిదింటిని మన ఒళ్ళు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి; లైసిన్ వాటిలో ఒకటి. మొక్క ఇరవైనీ చేసుకుంటుంది. లైసిన్ దారి ఆస్పార్టేట్ దగ్గర మొదలవుతుంది. ఆస్పార్టేట్ కైనేజ్ అనే ఎంజైమ్ తొలి అడుగు వేయిస్తుంది. కొంత దూరం పోయాక దారి రెండుగా చీలుతుంది. ఒక పాయ లైసిన్‌కి, రెండోది త్రియోనిన్, మెథియోనిన్, ఐసోల్యూసిన్‌లకి. లైసిన్ పాయ మొదట్లోనే డైహైడ్రోడైపికోలినేట్ సింథేజ్ అనే ఎంజైమ్ కాపలా ఉంటుంది. తయారైన లైసిన్ కాస్త పోగుపడగానే వెనక్కి వచ్చి ఈ ఎంజైమ్‌కే అతుక్కుని దాని పని ఆపేస్తుంది. మేడ మీది ట్యాంకు నిండగానే తేలే బంతి పైకి లేచి నీళ్ళు కట్టేసినట్టు. మెథియోనిన్ దారిలో కట్టడి ఇంకో తీరు: అది ఎక్కువైతే, దాన్ని తయారుచేసే దారిలోని సిస్టాథియోనిన్ గామా సింథేజ్ అనే ఎంజైమ్ తాలూకు ఎంఆర్ఎన్ఏనే మొక్క విరగ్గొట్టేస్తుంది. మొక్క తన అవసరానికి చేసుకుంటుంది, మన కంచం దానికి పట్టదు.

పైగా గింజ విడి లైసిన్‌ను దాచదు, ప్రొటీన్‌ను దాస్తుంది. జొన్నలో దాచే ప్రొటీన్ ప్రధానంగా కాఫిరిన్. కాఫిరిన్ జన్యువులు రాసిచ్చే గొలుసులో లైసిన్ దాదాపు ఉండదు, ల్యూసిన్ మాత్రం దండిగా ఉంటుంది. అందుకే 100 గ్రాముల జొన్న ప్రొటీన్‌లో లైసిన్ సుమారు 2 గ్రాములే. పెద్దవాళ్ళకు కావలసింది 4.5. కంది ప్రొటీన్‌లో 6 నుంచి 7 గ్రాముల దాకా ఉంటుంది. కందిలో కొరతగా ఉండే, మెథియోనిన్ వంటి గంధకపు అమైనో ఆమ్లాలను జొన్న కొంత భర్తీ చేస్తుంది. ఇంకో చిక్కుంది. ఉడికిన కాఫిరిన్ గొలుసులు ఒకదానికొకటి ముడిపడి సరిగా అరగవు. పిండిని పులియబెట్టి కాచే అంబలి ఆ చిక్కును కొంత తగ్గిస్తుంది.

లైసిన్ దారిలోని ఆ ఎంజైమ్ కాపలానే తీసేస్తే? 1995లో అమెరికాలో డ్యూపాంట్ శాస్త్రవేత్తలు లైసిన్‌కు లొంగని బాక్టీరియా ఎంజైమ్ జన్యువును సోయాలో పెట్టారు. విడి లైసిన్ కొన్ని వందల రెట్లు పెరిగింది. అయితే గింజ అందులో కొంత తనే విరగ్గొట్టుకుంది, దానికి వేరే ఎంజైములున్నాయి. అంతకు ముందే, 1964లో, పర్‌డ్యూ విశ్వవిద్యాలయం వాళ్ళు మొక్కజొన్నలో ఓపేక్-2 అనే మార్పు చెందిన జన్యువు లైసిన్ పెంచుతుందని చూపించారు. కానీ గింజ మెత్తబడి పురుగుల పాలైంది. మెక్సికోలో సురిందర్ వాసల్, ఎవాంజెలీనా విల్లెగాస్ ఏళ్ళ తరబడి పనిచేసి దాన్ని గట్టిపరిచారు, 2000లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నారు. లైసిన్ ఎక్కువున్న జొన్నలు 1973లో ఇథియోపియా రకాల్లో బయటపడ్డాయి. గింజ ముడుచుకుపోయి ఉంటుంది. అక్కడి రైతులు వాటిని, మనం ఊసబియ్యం తిన్నట్టే, పచ్చిగా ఉండగా కాల్చుకు తింటారు.

మన నల్లరేగళ్ళలో ఈ లైసిన్ లెక్కను చేలోనే సరిచేశారు. జొన్న సాళ్ళ మధ్య కంది సాలు వేస్తారు. కంది మొదట నెమ్మదిగా ఎదుగుతుంది కాబట్టి జొన్నకు అడ్డురాదు. జొన్న కోసేశాక కొమ్మలు వేస్తుంది. దాని వేరుబుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. గింజలో అంత ప్రొటీన్ నింపగలగడానికి అదో ఆసరా. 1972లో పటాన్‌చెరులో వెలసిన ఇక్రిశాట్ ఈ రెండు పంటలనూ పరిశోధిస్తుంది. కంది జన్యుపటాన్ని ఆ సంస్థ నాయకత్వంలోనే విప్పారు.

సంప్రదాయాన్ని పొగిడేవాళ్ళు ఒకటి మరచిపోతుంటారు. పప్పు కొనలేని ఇంట్లో ఈ జోడీ లేదు. చాదర్‌ఘాట్‌కు ఎగువన మూసీ ఒడ్డునే ఉస్మానియా ఆసుపత్రి. 1960 ప్రాంతంలో అక్కడ పెల్లాగ్రా రోగులు అరుదేమీ కాదు. నయాసిన్ అనే విటమిన్ లోపించి వచ్చే జబ్బది. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలవుతాయి, మతి చలిస్తుంది. పెల్లాగ్రా అంటే మొక్కజొన్న తినేవాళ్ళ జబ్బని ప్రపంచం అనుకుంటున్న రోజులవి. ఇక్కడ జొన్న తినేవాళ్ళకూ వచ్చింది. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య దీని మీద పట్టుబట్టి, 1960లో లాన్సెట్ పత్రికలో కారణం ల్యూసిన్ కావచ్చని రాశారు. కాఫిరిన్‌లో దండిగా ఉన్న ఆ ల్యూసినే ఒంట్లో ట్రిప్టోఫాన్ నయాసిన్‌గా మారే పనికి అడ్డుపడుతోందన్నది వాళ్ళ వాదన. దాని మీద తర్వాత చాలా వాదోపవాదాలు నడిచాయి. రోగులు ఎక్కువగా జొన్న మీదే బతికే పేదలు. పప్పూ పాలూ మాంసమూ వాళ్ళ కంచంలోకి వచ్చేది తక్కువ.